కార్జం, తోకకొవ్వు

"ఇది ఎవరు కలిపారో తేలేదాకా నేనీ కోటు విప్పను," అంది రైహాన్.

రాత్రంతా, దానికి ముందు పగలంతా డ్యూటీ చేసి వచ్చిన మనిషి. పాదాలు వాచిపోయి, గుమ్మం దగ్గర బూట్లు లాగడానికే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. తిన్నగా ముందుగదిలోకి వచ్చి, మధ్యాహ్నం రాబోయే వియ్యాలవారి కోసం పరిచిన కొత్త బల్లగుడ్డ మీద తన థర్మాస్ పెట్టి మూత తీసింది.

లోపల ఉడికించిన గ్రేచ్కా గింజలు, వాటిలో చిదిమిన కోడిమాంసం. దాని మీద కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తిలా తెల్లటి పొర. రైహాన్ చెంచాతో కొడితే టక్కుమంది.

అత్తగారు బాల్కియా టీ గిన్నెలు తుడుస్తోంది. ఆడపడుచు జాదిరా జుట్టుకి రింగులు చుట్టుకుని, ఇవాళ చెవులకి కొత్త కమ్మలు పెట్టించుకోబోతున్న పెళ్లికూతురి గర్వంతో అద్దం ముందు కూర్చుంది. మొగుడు తల్గాత్ పెరట్లో గొర్రెని ఒలుస్తున్నవాడు ఈ మాట విని కత్తి చేత్తోనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

చల్లారితే ఏ కూడైనా గడ్డకడుతుందని బాల్కియా నెమ్మదిగా అంది.

"కోడిమాంసం ఇలా గడ్డకట్టదు అపా," అంది రైహాన్ అత్తగారితో. "గ్రేచ్కా అసలే కట్టదు. ఇది గొర్రె తోకకొవ్వు. నేను పుట్టింది కూడా ఈ దేశంలోనే, నాకు తెలీదా?"

నిన్న వార్డులో ఊపిరాడనివ్వని రోజు. ఒకరి తర్వాత ఒకరు ఆపరేషన్ గదిలోంచి వస్తూనే ఉన్నారు. వేడివేడిగా నాలుగు చెంచాలు మింగే తీరికైనా దొరకలేదు. థర్మాస్ మూత సరిగా బిగించకుండా కిటికీ గట్టు మీద వదిలేసింది. తెల్లారి చూస్తే ఇదీ సంగతి. పక్క మంచాల నర్సు వేరా పాక్ తొంగిచూసి, "నువ్వు చేసేది ఉపవాసం అనుకున్నానే, మీ ఇంట్లోవాళ్లు నిన్ను చలికాలానికి మేపుతున్నారే," అని నవ్వింది. రైహాన్‌కి నవ్వు రాలేదు.

నవ్వు ఎలా వస్తుంది? ఆమె బరువు తగ్గాలనుకున్నది సన్నటి నడుము కోసం కాదు. రాజధాని ఆస్పత్రిలో ఆమె చెల్లెలు సాల్తనత్ పచ్చబడిన కళ్లతో, నీరుపట్టిన పొట్టతో పడుకుని ఉంది. బడిలో పిల్లలకి భూగోళం చెప్పుకునే పిల్ల. పాత కామెర్ల జబ్బు లోపల్లోపలే దాని కాలేయాన్ని తినేసింది. తల్లికి చక్కెర జబ్బు, తండ్రి లేడు, సరిపడే మనిషి రైహాన్ ఒక్కతే.

అక్కడి పెద్ద డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. నీ కాలేయంలో కొవ్వు పేరుకుంది, కరిగించుకుని వస్తే అందులో ముక్క కోసి మీ చెల్లికి పెడతాం, కరగకపోతే నీకూ ముప్పే, ఆమెకూ ముప్పే, కత్తి ముట్టుకోను అన్నాడు. రెండో పరీక్ష ఈ బుధవారం. ఈసారి కూడా కాదంటే సాల్తనత్‌కి ఇంకో పరీక్ష దాకా ఓపిక లేదు.

అప్పట్నుంచీ రైహాన్ నోరు కట్టేసుకుంది. నర్సుల గదిలో బల్ల ఏనాడూ ఖాళీగా ఉండదు. బతికి బయటపడ్డ రోగి తాలూకు మనుషులు మిఠాయిలు తెస్తారు, కేకులు తెస్తారు, పల్లెవాళ్లయితే గుర్రపుమాంసం సాసేజీ ఒక పొడుగుది గుడ్డలో చుట్టి తెచ్చి చేతిలో పెడతారు. వాటి ముందు కూర్చుని ఆమె వేడినీళ్లు తాగేది. ఆకలికి చేతులు వణుకుతుంటే సెలైను సూది ఎక్కించే ముందు గోడకి మోచెయ్యి ఆనించుకునేది. వేరా ఒకటి రెండుసార్లు మిఠాయి కాగితం విప్పి నోటి దాకా తెచ్చి, ఆ కళ్లు చూసి వెనక్కి తీసుకుంది.

ఇంత చేసినా రోగుల్ని తూచే త్రాసు ముల్లు మొండికేసి కదల్లేదు. మొదట్లో కొంచెం దిగింది, తర్వాత ఆగిపోయింది, ఆ తర్వాత సిగ్గు లేకుండా వెనక్కి జరిగింది.

రైహాన్ ఎవర్నీ అనుమానించలేదు. తనని తానే అనుమానించుకుంది. నిద్రలేమిలో తెలీకుండా ఏదైనా తింటున్నానేమోనని డ్యూటీ దిగాక తన తెల్లకోటు జేబులు తానే వెతుక్కునేది, మిఠాయి కాగితం దొరుకుతుందేమోనని. దొంగని పట్టుకున్నట్టు తన చేతినే పట్టుకునేది. పైగా ఓ రోజు ఇంటికొచ్చి, ఈమధ్య గ్రేచ్కా ఎంత కమ్మగా ఉంటోందో, లేకపోతే ఈ గడ్డి నాకు మింగుడుపడేది కాదు అని అందరి ముందూ మెచ్చుకుంది కూడా. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండిపోతోంది.

"అడుగుతున్నది మిమ్మల్నే. ఎవరు?"

తల్గాత్ తివాచీ మీది పువ్వుల్ని చూస్తున్నాడు. కత్తి మొన నుంచి ఒక చుక్క రక్తం గుమ్మం మీద పడింది.

"నేనే," అంది బాల్కియా. "నేనే వేశాను. ఎండిపోతున్నావు. ఆస్పత్రిలో పడిపోతే ఊళ్లో ఏమంటారు, కోడలికి కూడు పెట్టని అత్త అంటారు. అందుకే వేశాను."

ఆ తర్వాత రైహాన్ అన్న మాటలు కొన్ని రాయదగినవి కావు. రాయదగినవాటిలో చివరి మాట ఇది.

"నా చెల్లెలు చచ్చిపోతే కబురు మీకే ముందు చెబుతాను అపా. మీరే వచ్చి దాని గుంటలో మట్టి వెయ్యండి."

బాల్కియా తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది. ఎంత మాటకైనా అంతకు రెండింతలు బదులు చెప్పే మనిషి, ఒక్కసారి తలెత్తి కొడుకు వైపు చూసి దించుకుంది. తల్గాత్, గొర్రె తోలు ఆరిపోతోందని చెప్పి పెరట్లోకి వెళ్లిపోయాడు.

రైహాన్ కోటు విప్పింది. విప్పక ఏం చేస్తుంది? షిమ్‌కెంత్ నుంచి వియ్యాలవారి కార్లు బయలుదేరాయని ఫోను వచ్చేసింది. పెరట్లో గొర్రె తెగింది. ఇల్లు తగలబడుతున్నా చుట్టాలకి ముందు టీ పోయాల్సిన కోడలి బతుకు అది.

*

వంటింట్లో అత్తాకోడళ్లు వీపులు తిప్పుకుని పనిచేశారు. ఒకరు మాంసం కుండ దగ్గర, ఒకరు నూనె మూకుడు దగ్గర. బావుర్సాకులనే పిండి ఉండలు పొంగి పైకి తేలుతుంటే రైహాన్ వాటిని చిల్లుల గరిటెతో తీసి గిన్నెలో వేసింది. ఆ వాసనకి కోపం మీద ఆకలి, ఆకలి మీద కోపం, ఏది ముందు ఏది వెనక అని తెలీకుండా పోయింది.

బాల్కియా ఉడికిన గొర్రె కార్జాన్ని, ఉడికిన తోకకొవ్వుని చెక్క మీద పెట్టుకుని పల్చగా కోస్తోంది. ముదురు రంగు ముక్క మీద తెల్ల ముక్క, మళ్లీ ముదురు ముక్క. ఇవాళ్టి తతంగానికంతా ఈ పళ్లెమే ప్రాణం. కమ్మలు పెట్టడం, బట్టలు ఇచ్చిపుచ్చుకోవడం ఎన్ని జరిగినా, రెండు వైపులవాళ్లూ ఒకే పళ్లెంలోంచి కార్జం, తోకకొవ్వు తిన్నాకే మాట ఖాయం. తిన్నాక వెనక్కి పోయినవాడి మొహం ఎవరూ చూడరు.

పళ్లెం ఎవరు తిప్పుతారో గుర్తుందా అని బాల్కియా అడిగింది. ఇంటి పెద్దకోడలే తిప్పాలి, తన చేత్తో వియ్యాలవారి నోళ్లలో పెట్టాలి, తానూ తినాలి. రైహాన్‌కి గుర్తుంది.

"పెడతాను. నేను తినను."

"తినకపోతే వాళ్లేమనుకుంటారు?"

"ఏమనుకోవాలో అదే అనుకుంటారు."

బాల్కియా కత్తి ఆపింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. నీ ముద్దలో వట్టి కార్జమే పెడతాను, పైన పుల్లపెరుగు పోసి కప్పేస్తాను, కొవ్వు లేదని ఎవడికీ తెలీదు, నీ పట్టూ చెల్లుతుంది, మన పరువూ నిలుస్తుంది అంది.

"మళ్లీ కప్పెయ్యడమేనా అపా?" అంది రైహాన్. "ఈ ఇంట్లో ఏదీ పైకి కనపడేలా ఉండకూడదా?"

ఒక్క ముక్క కొవ్వుతో కాలేయం మారిపోదని ఆమెకి తెలుసు, నర్సు కదా. కానీ ఇంట్లోవాళ్లు పెట్టే ముద్ద మీద నమ్మకం పోయింది. ఒకసారి పోయాక అది గ్రాముల లెక్కలో తిరిగి రాదు.

అప్పుడే జాదిరా ఇస్త్రీపెట్టె కోసం వంటింట్లోకి వచ్చి ముక్కు మూసుకుంది.

"అబ్బ, మళ్లీ ఈ కంపేనా. నా జుట్టుకి పడుతుంది, కిటికీ తియ్యి వదినా. అమ్మ మెర్కెలో పిన్ని వాళ్లింటికి వెళ్లిన వారం అన్నయ్య ఇలాగే పొద్దున్నే లేచి కొవ్వు కరిగించేవాడు. దుప్పట్లకి కూడా పట్టేసింది. అడిగితే దగ్గుకి మందు అన్నాడు. అన్నయ్యకి దగ్గెక్కడుంది?"

ఇస్త్రీపెట్టె తీసుకుని, తను ఏమన్నదో తనకే తెలీకుండా వెళ్లిపోయింది.

నూనెలో బావుర్సాకులు మాడుతున్నాయి. రైహాన్ పొయ్యి ఆర్పింది.

మెర్కె వారం. అత్తగారు ఇంట్లో లేని వారం. ఆ వారమే త్రాసు ముల్లు వెనక్కి జరిగింది. ఆ వారమే తల్గాత్ మారిన మనిషిలా పొద్దున్నే లేచి థర్మాస్ నింపి, బస్సు స్టాపు దాకా వచ్చి, చేతిలో పెట్టి, మొత్తం తిను, వదలకు అని చెప్పాడు. ఆమె పొంగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లకి మనిషి కరిగాడనుకుంది. కరిగింది ఏమిటో ఇప్పుడు తెలిసింది.

"మీరు వెయ్యలేదు," అంది బాల్కియాతో.

బాల్కియా చెక్క మీది ముక్కలు సర్దుతోంది.

"మీకు తెలుసు. తెలిసి నెత్తిన వేసుకున్నారు."

"మెర్కె నుంచి వచ్చాక ఉప్పు డబ్బా వెనక కరిగించిన కొవ్వు సీసా కనపడింది. ఆపరా అన్నాను. ఆపేశానన్నాడు. ఆపలేదని నాకూ ఇవాళే తెలిసింది," అంది.

"మరి పొద్దున్న నేను అన్ని మాటలంటుంటే ఎందుకు పడ్డారు?"

"నన్ను తిడితే నాలుగు రోజులకి మర్చిపోతావు. వాణ్ణి తిడితే మర్చిపోవు. నాకు కాపురం కావాలి గానీ పౌరుషం ఎందుకు?"

రైహాన్‌కి, గుంటలో మట్టి వెయ్యమని ఈవిడనే అన్నాను కదా అనిపించింది. క్షమించమని అడగాలనిపించింది, కానీ ఆ నోటితోనే, సీసా కనపడిన రోజు నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేదని కూడా అడగాలనిపించింది. రెండూ అడగలేదు. నూనె చేతులు తుడుచుకుని పెరట్లోకి వెళ్లింది.

*

తల్గాత్ పెద్ద కుండ కింద కట్టెలు ఎగదోస్తున్నాడు. ఆమె నడకలోనే సంగతి అర్థమైపోయి లేచి నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

పాపం, అమాయకుడు. నేను కాదు అనలేదు, ఎందుకు చేశానంటే అనలేదు, ముందు చెప్పినవాళ్ల పేరు కావాలి.

"మీ అమ్మ నీ బదులు తిట్లు తింటుంటే గొర్రెతోలు ఆరిపోతోందని వెళ్లిపోయావే, ఆ కాళ్లు ఎలా వచ్చాయి నీకు?"

తల్గాత్ కట్టెపుల్లతో బూడిద గీస్తూ, ఇప్పుడు కాదు, వాళ్లు వచ్చే వేళయింది అన్నాడు. రైహాన్ కదల్లేదు. తన పుట్టింట్లో జరిగినదంతా ఒక్కొక్కటే గుర్తుచేసింది. ఆ రోజు సాల్తనత్‌ని విమానం ఎక్కించే ముందు అందరూ కూర్చున్నారు. రైహాన్ తన కాలేయం ఇస్తానంది. అత్తింటివాళ్లు ఏమంటారో అని ఆమె తల్లి అల్లుడి మొహం చూసింది. తల్గాత్ రొట్టె తుంచి, నోట్లో పెట్టుకుని, ఇవ్వనివ్వండి అమ్మా, మనిషి ప్రాణం కంటే ఏముంది అన్నాడు. ఆ ముసలావిడ అల్లుడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"అందరి ముందూ ఎలా కాదంటాను?" అన్నాడు తల్గాత్. "ఏమనుకునేవాళ్లు నన్ను?"

"తల్గాత్ కాదన్నాడు అనుకునేవాళ్లు. అంతే కదా. అప్పుడు నేను నీతో పోట్లాడేదాన్ని. గెలిచేదాన్నో ఓడేదాన్నో, ఎదురుగా మనిషైనా ఉండేవాడు. ఇన్నాళ్లూ నేను ఎవరితో పోట్లాడానో తెలుసా నీకు? నాతో. నా జేబులు నేనే వెతుక్కున్నాను."

అతను ఏదో అనబోయాడు. అప్పుడే వీధి మలుపులో కార్ల హారన్లు మోగాయి. తల్గాత్ మొహం మారిపోయింది. చొక్కా చేతులు కిందికి దించి గుండీలు పెట్టుకుని, ఇంటి యజమాని నవ్వు ఒకటి తగిలించుకుని గేటు వైపు నడిచాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే పరవాలేదు, దానికి ఆకలి. ఈ మనిషి కళ్లు మూసుకుని ఎదుటివాళ్లకి పోస్తాడు.

రైహాన్ తలకి తెల్లటి రుమాలు బిగించుకుంది. ఆ ముడి బిగించేటప్పుడే మనసులో ఒకటి అనుకుంది.

*

పెళ్లికొడుకు తండ్రి సాగిన్‌తాయ్ పెద్ద శరీరం, పెద్ద గొంతు ఉన్న మనిషి. ఎత్తైన చోట దిండుకి ఆనుకుని కూర్చుని, ఇంటి గోడల్ని, టీ రంగుని, కాబోయే కోడలి జడని అన్నిటినీ మెచ్చుకున్నాడు. పెళ్లికొడుకు తల్లి లేచి జాదిరా చెవులకి కమ్మలు పెట్టింది. ఆడవాళ్లు తెల్లటి మిఠాయిలు చల్లారు. జాదిరా తల వంచుకుని ముసిముసిగా నవ్వింది. ఎవరో దోంబ్రా అందుకుని మీటడం మొదలుపెట్టారు.

తర్వాత పళ్లెం తెమ్మన్నారు.

రైహాన్ పళ్లెం పట్టుకుని లోపలికి వచ్చేసరికి గది గోలగోలగా అయింది. ఇది వదినగారి రాజ్యం, ఇక్కడ ఆమె ఏం చేసినా చెల్లుతుంది. సాగిన్‌తాయ్ నోరు బార్లా తెరిచాడు. ఆమె కార్జం, కొవ్వు కలిపి గుప్పెడు ముద్ద నోట్లో కుక్కి, మిగిలిన పెరుగు బుగ్గలకి పూసింది. అందరూ పడిపడి నవ్వారు. ఆయన భార్యకి పెట్టింది, అన్నదమ్ములకి పెట్టింది. ఒక ముసలాయన పళ్లు లేవు, చిన్న ముక్క పెట్టు తల్లీ అంటే చిన్న ముక్కే పెట్టింది. నవ్వాల్సిన చోట నవ్వింది. వార్డులో నొప్పితో అరిచేవాళ్ల ముందు నవ్వడం అలవాటున్న మొహం అది, ఎవరికీ తేడా తెలీలేదు.

ఇక తన ఇంటివాళ్ల వంతు. పళ్లెంతో మొగుడి ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది.

"వియ్యంకుల వారూ," అంది తల తిప్పకుండా. "ఇది మింగాక మాట తప్పొచ్చా?"

"తప్పితే వాడు మనిషే కాదు," అన్నాడు సాగిన్‌తాయ్ బుగ్గల మీది పెరుగు తుడుచుకుంటూ. "మా తాత ఇది తిని ఇచ్చిన మాట కోసం కుంటి గుర్రానికి బదులు మంచి గుర్రం ఇచ్చుకున్నాడు."

రైహాన్ పళ్లెంలోంచి తెల్లటి ముక్కలు ఏరింది. కార్జం తక్కువ, కొవ్వు ఎక్కువ. తల్గాత్ నోరు తెరిచాడు, తెరవక తప్పదు. ఆమె పెట్టింది, మళ్లీ పెట్టింది, బుగ్గలు ఉబ్బేదాకా పెట్టింది. మొగుడి మీద ఎంత ప్రేమో అని ఎవరో ఆడమనిషి వేళాకోళం చేసింది.

"రుచి తెలుస్తోందా?" అని నెమ్మదిగా అడిగింది రైహాన్. "నా థర్మాస్‌లో ఇదే రుచి."

నవ్వులు అక్కడక్కడా తెగిపోయాయి. దోంబ్రా మీటుతున్న చెయ్యి ఆగింది.

"ఇప్పుడు ఇది మింగి, వీళ్లందరి ముందూ చెప్పు. సాల్తనత్‌కి నా కార్జం ఇవ్వమంటావా, వద్దంటావా?"

బాల్కియా, కోడలా అని ఒక్క మాట అని ఆగిపోయింది. తల్గాత్ నములుతున్నాడు. ఉమ్మడానికి లేదు, ఉమ్మితే చెల్లెలి పెళ్లి మాట మీద ఉమ్మినట్టే. మెడ నరాలు లేచి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కొవ్వు ఎక్కువై వచ్చినవో, ఇంకెందుకు వచ్చినవో ఎవరూ చెప్పలేరు. చివరికి మింగాడు.

"వద్దు," అన్నాడు.



"మొదటి రోజు నుంచీ వద్దనే. నిన్ను బల్ల మీద పడుకోబెట్టి కోస్తారంటే నాకు అన్నం సయించలేదు. మీ అమ్మ ముందు అనలేకపోయాను. వద్దు."

రైహాన్ మొగుడి మొహంలోకి చూసింది. ఇన్ని వారాల్లో అతని నోట వచ్చిన మొదటి నిజం అది. ఒంట్లో కోపం ఒక్క పిసరు తగ్గలేదు. కానీ ఇప్పుడు దానికి ఎదురుగా ఒక మనిషి దొరికాడు, అది చాలు అనిపించింది.

పళ్లెంలోంచి ఒక కార్జం ముక్క తీసింది. దానికి అంటుకున్న కొవ్వుని గోటితో గీరి పక్కన పెట్టింది. పెరుగు పొయ్యలేదు, కప్పలేదు, అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుని నమిలింది. ఎన్నో రోజుల తర్వాత తిన్న మొదటి కమ్మటి ముక్క, కడుపు ఇంకా కావాలని అరిచింది. మింగింది.

"నేను ఇస్తాను," అంది. "బుధవారం డాక్టరు కత్తి పడితే ఇస్తాను. పట్టనంటే మళ్లీ కడుపు మాడ్చుకుని ఇస్తాను. ఈ ఇంటి థర్మాస్‌తో కాదు."

అప్పుడు జాదిరా కనపడింది. కొత్త కమ్మల మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎవరో లాక్కుంటారేమోనన్నట్టు కూర్చుంది. మొహంలో నెత్తురు లేదు. ఆ పిల్ల ఏ పాపం ఎరగదు. రైహాన్‌కి గుండెలో కలుక్కుమంది, కానీ అన్న మాట వెనక్కి తీసుకునే పళ్లెం కాదది.

సాగిన్‌తాయ్ చేతిలోని టీ గిన్నె కింద పెట్టాడు. ఆయన గొంతులో వేళాకోళం పోయింది.

"వియ్యపురాలా," అన్నాడు బాల్కియాతో. "మీ ఇంటి గొడవ మాది కాదు. కానీ ఒకే పళ్లెంలోంచి ఇప్పుడు రెండు మాటలు వచ్చాయి. ఒకటి నిలిస్తే రెండోది పోవాలి. మీ పిల్లని మాకిస్తానన్న మాట కూడా ఈ పళ్లెంలోదే. ఇంటి పెద్ద నువ్వు. ఏది నిలుస్తుందో నువ్వు చెప్పు, మేము వింటాము."

అందరి కళ్లూ ఆవిడ మీదికి తిరిగాయి. కొడుకు చూశాడు, కూతురు చూసింది. పొద్దున్న ఎవరికీ పనికిరాని అబద్ధంతో ఇల్లు నిలబెట్టిన మనిషికి ఇప్పుడు ఆ దారీ లేదు.

బాల్కియా ఒకచేత్తో మోకాలు పట్టుకుని నెమ్మదిగా లేచింది. వచ్చి పళ్లెం ముందు వంగింది. పెద్దవాళ్లు చిన్నవాళ్లకి తినిపించడానికి ముద్ద తీసినట్టే, కార్జం, కొవ్వు వేళ్లతో దగ్గరికి లాగి ముద్ద చేసింది. ముద్ద తడిగా, పెద్దగా ఉంది. ఒకవైపు తల్గాత్ మోకాలు, ఇంకోవైపు రైహాన్ మోకాలు ఆవిడ గౌను అంచుకి తగులుతున్నాయి.

వేళ్లు ఆగాయి. బాల్కియా ముద్దని మళ్లీ పళ్లెంలో విప్పి, అందులోంచి తెల్లటి ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి తీసెయ్యడం మొదలుపెట్టింది.

"అమ్మా," అన్నాడు తల్గాత్.

ఆవిడ తలెత్తకుండానే, మిగిలిన వట్టి కార్జాన్ని రైహాన్ వైపు జరిపింది.